బయాప్సీ రిపోర్టులో ‘స్మాల్ సెల్’ అని వస్తే

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే చుట్టాలూ పక్కాలూ చెప్పే సలహాలు చాలావరకు అందులో స్మాల్ సెల్ అనే ఈ రకానికి పనికిరావు. ‘ఆపరేషన్ చేసి గడ్డ తీసేయించండి’ అంటారు. ‘జీన్ పరీక్ష చేయిస్తే రోజుకొక మాత్రతో సరిపోతుందంట’ అంటారు. ఆ మాటలు నాన్ స్మాల్ సెల్ రకానికి సంబంధించినవి. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి సుమారు 85 మందికి ఉండేది అదే. మిగిలిన 15 మందిదీ స్మాల్ సెల్. దీనికి మొదటి మందు కీమో, అదీ రోజుల్లో మొదలుపెట్టాల్సిన కీమో. ఒళ్లంతా పాకిన దశలో వైద్యం లేకుండా వదిలేస్తే మిగిలేది సాధారణంగా రెండు నుంచి నాలుగు నెలలే. అదే కీమో పడిందంటే, పడుకోలేక కూర్చునే తెల్లవార్లూ గడిపిన మనిషి రెండు వారాల్లో వెల్లకిలా నిద్రపోయే అవకాశం గట్టిగా ఉంటుంది. వయసైపోయింది, నీరసంగా ఉన్నాడు, తట్టుకోలేడు అని ఇంట్లోవాళ్లే వెనక్కి తగ్గకూడదు. ఆ నీరసం చాలాసార్లు జబ్బు తెచ్చిందే, జబ్బు తగ్గితే అదీ తగ్గుతుంది.

వచ్చేది దాదాపు ఎప్పుడూ పొగతాగేవాళ్లకే, లేదా తాగి మానేసినవాళ్లకే. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కనిగిరి, కలిగిరి... వేలం కేంద్రాలున్న ఊళ్ల పేర్లు చెప్తే సగం మందికి పొగాకే గుర్తొచ్చే ప్రాంతం మనది. అందుకే ‘పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర పనిచేశాడు, అందుకే వచ్చింది’ అనే మాట ఎక్కువ వినపడుతుంది. పచ్చాకు కోసేటప్పుడు తడి ఒంటికంటుకుని తల తిరగడం, వాంతులు కావడం నికోటిన్ వల్ల వచ్చే బాధ, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఈ క్యాన్సర్ తెచ్చేది కాల్చి లోపలికి పీల్చిన పొగ. చుట్టైనా, బీడీ అయినా, సిగరెట్ అయినా ఒకటే. చీమకుర్తి వైపు గ్రానైట్ రాయి కోసేచోట పీల్చే సిలికా దుమ్ము కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. దుమ్మూ పొగా రెండూ కలిసినవాళ్లకి మరీ ఎక్కువ. పదేళ్ల కిందటే మానేశాడు కదా అని డాక్టరుకి చెప్పకుండా ఉండొద్దు. ముప్పు ఏటేటా తగ్గుతుంది గానీ సున్నా కాదు.

ఇంత వేగం ఎందుకంటే, కణం అదేపనిగా రెండుగా విడిపోకుండా ఆపే రెండు ముఖ్యమైన జన్యువులు, టీపీ53, ఆర్‌బీ1, ఈ గడ్డల్లో దాదాపు అన్నిటిలోనూ పాడైపోయి ఉంటాయి. పైగా ఇవి హార్మోన్ల లాంటి పదార్థాలు తయారుచేసే స్వభావమున్న కణాలు. ఆ రెండో గుణం వల్ల వచ్చే తిప్పలు వేరే ఉన్నాయి, కింద చెప్తాను.

గడ్డ సాధారణంగా ఊపిరితిత్తి అంచున కాకుండా మధ్యలో, పెద్ద గాలిగొట్టాల పక్కన పుడుతుంది. అందుకే ముందు దగ్గు, ఆయాసం, గళ్లలో నెత్తుటి చారలు, గొంతు బొంగురుపోవడం. వీటితోపాటు బరువు తగ్గితే మన దగ్గర అందరికీ ముందు తట్టేది టీబీ. అందులో తప్పు లేదు. రెండు వారాలు దాటిన దగ్గుకి గళ్ల పరీక్ష చేయించాల్సిందే. తేడా వచ్చేది ఆ తర్వాత. ట్రూనాట్‌లోనో సీబీనాట్‌లోనో టీబీ లేదని వచ్చి, మనిషి నలభై, యాభై దాటి, పొగతాగే అలవాటుండి, ఎక్స్‌రేలో గుండె పక్కన నీడ కనపడుతుంటే ‘ఎందుకైనా మంచిది, టీబీ మందులు వాడి చూద్దాం’ అనడానికి వీల్లేదు. ఆ చూద్దామనే రెండు నెలల్లో ఒక పక్క ఛాతీకే పరిమితమైన గడ్డ లివర్‌కీ మెదడుకీ పాకిపోతుంది. అప్పుడు అడగాల్సింది కాంట్రాస్ట్, అంటే నరానికి రంగు మందు, ఇచ్చి తీసే ఛాతీ సీటీ స్కాన్. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా సరే, నెత్తుటి గళ్ల పడుతుంటే సీటీ అడగాలి. గుండె నీడ వెనక దాక్కున్న గడ్డ ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు.

ఇప్పుడు పైన చెప్పిన హార్మోన్ల తిప్పల్లో ఒకటైన సోడియం సంగతి. మన ఊళ్లలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ఈ గడ్డ ఉన్న సుమారు పదిమందిలో ఒకరికి, ఒంట్లో నీటిని బయటికి పోనివ్వని హార్మోన్‌ని గడ్డే తయారుచేస్తుంది. మూత్రం చిక్కగా వస్తుంది, నీరు లోపలే ఉండిపోతుంది, రక్తంలో సోడియం పలచబడుతుంది. ఉండాల్సింది 135 నుంచి 145. అది 125 దిగితే మనిషి మగతగా, తిక్కతిక్కగా మాట్లాడతాడు, వాంతులవుతాయి, నడక తూలుతుంది. 120 దిగితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఇంట్లోవాళ్లకి కనపడేది నీరసం. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలుస్తారు, ఆయన గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. ఐదు శాతం గ్లూకోజ్ అంటే ఒంట్లోకి వెళ్లాక చక్కెర కరిగిపోయి మిగిలేది ఉత్త నీళ్లే. ఉన్న నీటికి ఇంకో అరలీటరు తోడవుతుంది. మామూలు సెలైన్ ఎక్కించినా, ఉప్పుని మూత్రంలోకి వదిలేసి నీటిని మాత్రం ఉంచేసుకోవడంతో సోడియం ఇంకా పడిపోవచ్చు. సాయంత్రానికి ఫిట్స్‌తో పెద్దాసుపత్రికి పరిగెత్తాల్సి వస్తుంది.

చేయాల్సింది దానికి ఎదురు. రోజు మొత్తం మీద తాగేది లీటరు లోపుకి తగ్గించాలి. కాఫీ, టీ, మజ్జిగ, చారు, జావ అన్నీ ఆ లీటరులోనే. బీపీ ఉందని ఉప్పు లేని కూడు పెడుతుంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. వాడుతున్న బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అని ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్నట్టే. అది కూడా సోడియం తగ్గిస్తుంది కాబట్టి, మార్చమని అడగండి. ఫిట్స్ వస్తే మూడు శాతం సెలైన్ ఎక్కిస్తారు, అది ఆసుపత్రిలో మాత్రమే, గంటగంటకీ లెక్క చూసుకుంటూ చేసే పని. 24 గంటల్లో 8 నుంచి 10కి మించి సోడియం పెరగకూడదు. ఆత్రపడి ఒక్కసారిగా పెంచితే మెదడు దెబ్బతింటుంది. అసలు మందు మళ్లీ కీమోనే. గడ్డ కరిగేకొద్దీ సోడియం దానంతటదే సర్దుకుంటుంది.

పొద్దున లేవగానే మొహం, కనురెప్పలు ఉబ్బి, మెడ నరాలు తేలి, ముందుకి వంగితే తల పగిలిపోతున్నట్టుంటే, గడ్డ తలవైపు నుంచి గుండెకి వచ్చే పెద్ద రక్తనాళాన్ని నొక్కుతోందని అర్థం. కిడ్నీ అనుకుని మూత్రం మాత్రలు వేసుకుంటూ కూర్చోవద్దు. తలగడలు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సూది ఎక్కించాల్సి వస్తే చేతికి బదులు కాలికి పెట్టమని సిస్టర్‌కి గుర్తుచేయండి, చేతుల రక్తం కూడా ఆ నొక్కుకుపోయిన నాళం గుండానే వెళ్లాలి.

బయాప్సీ ఎక్కువగా బ్రాంకోస్కోపీలో, అంటే గాలిగొట్టంలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి తీస్తారు, లేదా అదే గొట్టం చివర అల్ట్రాసౌండ్ ఉన్న ఈబస్ పద్ధతిలో గాలిగొట్టం పక్కనున్న గ్రంథుల నుంచి సూదితో లాగుతారు. మెడలో బిళ్ల తగులుతుంటే ఇంకా తేలిక, అక్కడి నుంచే తీయొచ్చు. ఈ కణాలు మహా సున్నితం, తీసేటప్పుడే నలిగిపోతాయి. ‘ముక్క సరిపోలేదు’ అని రిపోర్టు రావడం దీంట్లో అరుదేమీ కాదు. అలా వస్తే వారం ఆగకుండా రెండో ముక్కకి ఏర్పాటు చేయించుకోవాలి. రిపోర్టులో ఈ కణాలని గుర్తుపట్టే సినాప్టోఫిసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56 లాంటి పేర్ల పక్కన పాజిటివ్ అని ఉంటుంది. కేఐ-67 అనేది ఎన్ని కణాలు విడిపోయే పనిలో ఉన్నాయో చెప్పే శాతం. స్మాల్ సెల్‌లో అది సగానికి పైనే, తరచుగా 80, 90 ఉంటుంది. ఆ అంకె చూసి హడలిపోవద్దు. తొంభై శాతం క్యాన్సర్ అని కాదు దానర్థం. విడిపోయే కణాన్నే కీమో బాగా చంపుతుంది.

ల్యాబ్ నుంచి రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకోవడం పొరపాటు. బయాప్సీ ముక్కని భద్రపరిచిన మైనం దిమ్మలు, అంటే పారాఫిన్ బ్లాకులు, గాజు స్లైడులు అడిగి సంతకం పెట్టి తీసుకోండి. చెన్నై అడయార్ వెళ్లినా, తిరుపతి వెళ్లినా, వెల్లూరు వెళ్లినా అక్కడి పాథాలజీవాళ్లు ముందు అడిగేది అవే. అవి లేకపోతే మళ్లీ బయాప్సీ, మళ్లీ వారం. సీటీ ఫిలింతోపాటు సీడీ కూడా ఉండాలి.

జబ్బు ఎంతవరకు పాకిందో చూసే పరీక్షలు ఒకదాని రిపోర్టు వచ్చాక ఇంకొకటి అని కాకుండా ఒకే వారంలో పెట్టించుకోవాలి. లివర్, అడ్రినల్ గ్రంథులు కూడా వచ్చేలా ఛాతీ-పొట్ట సీటీ. తలనొప్పి ఉన్నా లేకపోయినా మెదడు ఎంఆర్ఐ, ఎందుకంటే జబ్బు బయటపడ్డ మొదటిరోజుకే పదిమందిలో ఒకరికి పైగా మెదడులో మచ్చలుంటాయి, వాళ్లలో కొందరికి ఏ లక్షణమూ ఉండదు. రక్తంలో సోడియం, క్రియాటినిన్, లివర్ పరీక్ష, ఎల్‌డీహెచ్, కణాల లెక్క. కాంట్రాస్ట్ ఇచ్చే ముందు క్రియాటినిన్ చూస్తారు కాబట్టి రక్తం ముందురోజే ఇచ్చేయండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి. పెట్ స్కాన్ అవసరమయ్యేది ముఖ్యంగా జబ్బు ఒక పక్కకే పరిమితమైనట్టు కనిపించినప్పుడు. సీటీలోనే లివర్ నిండా మచ్చలు కనపడుతుంటే పెట్ స్కాన్ తేదీ కోసం పదిరోజులు కీమో ఆపడం అనవసరం. పెట్‌కి ఆరుగంటలు పరగడుపున ఉండాలి, షుగర్ 200 దాటితే చాలాచోట్ల వెనక్కి పంపేస్తారు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడుతున్నవాళ్లకి షుగర్ ఎగబాకుతుంది, అది ముందే చూసుకోవాలి.

డాక్టర్లు దీన్ని రెండు దశలుగానే మాట్లాడతారు. ఒక పక్క ఛాతీలో, ఒకే రేడియేషన్ చట్రంలో పట్టేంత ఉంటే లిమిటెడ్. అది దాటితే ఎక్స్‌టెన్సివ్. మూడింట రెండొంతుల మంది రెండో దశలోనే వస్తున్నారు. ఆపరేషన్‌కి పనికొచ్చేది గ్రంథులకి పాకని చిన్న గడ్డ ఒక్కటే, నూటికి ఐదుగురికి కూడా ఆ అవకాశం ఉండదు.

లిమిటెడ్ దశలో గురి నయం చేయడమే. సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్ అనే కీమో మందులు నాలుగు సైకిళ్లు, అంటే నాలుగు దఫాలు, వాటితోపాటే, మొదటి లేదా రెండో సైకిల్ నుంచే, మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్. 1999 నుంచి లెక్కలోకి తీసుకునే పద్ధతి, రోజుకి రెండుసార్లు చొప్పున మూడు వారాల్లో 30 విడతలుగా 45 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత). రెండు విడతల మధ్య కనీసం ఆరుగంటలు ఉండాలి. రోజుకి ఒకసారి చొప్పున ఆరువారాలు దాటి 60 నుంచి 70 గ్రే ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఉదయగిరి నుంచో, కనిగిరి నుంచో రోజూ బస్సులో వచ్చిపోతూ రెండుపూటలా కరెంటు పెట్టించుకోవడం అయ్యే పని కాదు. ఆ మూడు వారాలకి ఆసుపత్రి దగ్గర్లో గది తీసుకోండి. మధ్యలో పండగలనీ, నీళ్ల బోరు పనులనీ ఆపితే ఫలితం తగ్గుతుంది.

రెండు మూడు వారాలకి అన్నవాహిక పుండవుతుంది, మింగితే మంట. చేపల పులుసు, గోంగూర పచ్చడి, వేడివేడి చారు ఆ నెలకి పక్కన పెట్టి చల్లారిన రాగిజావ, పెరుగన్నం, మెత్తగా ఉడికిన గుడ్డు పెట్టండి. అన్నానికి అరగంట ముందు తాగే మంట తగ్గించే ద్రవం రాసివ్వమని అడగండి. రేడియేషన్ అయిపోయిన ఒకటి నుంచి ఆరునెలల్లో పొడిదగ్గు, ఆయాసం, సన్న జ్వరం వస్తే అది ఊపిరితిత్తి వాపు కావచ్చు. దానికి స్టెరాయిడ్ కావాలి, ఇంకో యాంటీబయాటిక్ కాదు. చూసే డాక్టరుకి ‘ఫలానా నెలలో ఛాతీకి కరెంటు పెట్టారు’ అని మొట్టమొదట చెప్పండి.

గడ్డ బాగా కరిగినవాళ్లకి మెదడుకి ముందుజాగ్రత్తగా పది విడతల్లో 25 గ్రే ఇస్తారు. మతిమరుపు వచ్చే అవకాశం ఉంది కాబట్టి డెబ్బై దాటినవాళ్లకి దాని బదులు మూడునెలలకోసారి ఎంఆర్ఐ తీస్తూ కనిపెట్టుకుని ఉండటం కూడా సరైన దారే. 2024లో వెలువడిన అడ్రియాటిక్ అధ్యయనంలో, కీమో రేడియేషన్ పూర్తయ్యాక దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి పురిగొల్పే మందు, రెండేళ్ల వరకు ఇచ్చినవాళ్లలో సగం మంది సుమారు 56 నెలలకి మించి బతికారు. అది ఇవ్వనివాళ్లలో ఆ లెక్క 33 నెలలు. ఈ జబ్బులో ఇంత తేడా చూపిన మందు చాలా ఏళ్లుగా రాలేదు.

ఎక్స్‌టెన్సివ్ దశలో కార్బోప్లాటిన్, ఎటోపొసైడ్, మూడు వారాలకోసారి, నాలుగు నుంచి ఆరు సైకిళ్లు. ఒక లెక్క చూడండి. ఎత్తూ బరువూ బట్టి ఒంటి విస్తీర్ణం 1.6 చదరపు మీటర్లు వచ్చిందనుకుందాం. ఎటోపొసైడ్ చదరపు మీటరుకి 100 మిల్లీగ్రాములు కాబట్టి రోజుకి 160, మూడు రోజులు. కార్బోప్లాటిన్ మాత్రం కిడ్నీ పనితనాన్ని బట్టి. కిడ్నీ వడపోత నిమిషానికి 65 మిల్లీలీటర్లు ఉంటే దానికి 25 కలిపి 5తో గుణిస్తారు, 450 మిల్లీగ్రాములు, మొదటిరోజు మాత్రమే. అందుకే ప్రతి సైకిల్‌కీ బరువూ క్రియాటినిన్‌ కొత్తగా చూడాలి, పోయినసారి కాగితం చూసి కలపకూడదు. ఎటోపొసైడ్ గంటసేపు ఎక్కాలి. బస్సు టైమవుతోందని బాటిల్ వేగం పెంచమని అడగొద్దు, బీపీ దబ్బున పడిపోతుంది. మూడురోజుల మందులో రెండో రోజో మూడో రోజో ఎగ్గొడితే మొదటిరోజు మందు సగం వృథా.

ఈ కీమోకి అటిజోలిజుమాబ్‌ అనే ఇమ్యునోథెరపీ కలిపితే సగటు బతుకు 10.3 నెలల నుంచి 12.3 నెలలకి పెరిగిందని 2018లో తేలింది. దుర్వాలుమాబ్‌తోనూ దాదాపు అంతే. సగటు పెరిగింది రెండు నెలలే, కానీ కొద్దిమంది ఏళ్ల తరబడి నిలబడుతున్నారు. ఖర్చు మాత్రం సామాన్యుడికి అందేది కాదు. నా మాట ఇది: వైద్యానికి వెన్నెముక కీమోనే, అది పథకం కింద నెల్లూరులోనో ఒంగోలులోనో దొరుకుతుంటే వెంటనే మొదలుపెట్టండి. ఇమ్యునోథెరపీ ఏ విధంగా దొరుకుతుందో ఈలోపు కనుక్కోవచ్చు. దానికోసం ఉన్న రెండెకరాలు అమ్మేసి పిల్లల్ని అప్పుల్లో పెట్టమని నేను చెప్పను. మన నోట ఇంకా ఆరోగ్యశ్రీగానే ఉన్న ఎన్టీఆర్ వైద్యసేవలో ఏ మందుకి అనుమతి వస్తుందో, చెన్నై వెళ్లాలనుకుంటే ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో బయల్దేరకముందే ఆసుపత్రి కౌంటరులో అడిగి తెలుసుకోండి.

కీమో ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు అడుక్కి పడతాయి. ఆ వారం ఇంట్లో థర్మామీటర్ ఉండి తీరాలి. 100.4 డిగ్రీలు చూపించిందంటే అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి. ముందు పారాసెటమాల్ వేసి తెల్లారాక చూద్దామనుకోవద్దు, జ్వరం అణిగినా ఇన్‌ఫెక్షన్ నెత్తురులో పాకుతూనే ఉంటుంది. యాంటీబయాటిక్ గంటలోపు నరానికి పడాలి. కావలి, ఆత్మకూరు, పొదిలి లాంటి చోట్ల నుంచి పెద్దాసుపత్రి దూరమైతే ముందు దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో మొదటి డోసు వేయించుకుని 108లో బయల్దేరండి. కీమో తేదీ రాసిన కాగితం చొక్కా జేబులో ఉండాలి. ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతాయి కాబట్టి పిర్రకి ఇంజెక్షన్ వద్దు. ఆకు పసరులు ఆ రోజుల్లో ముట్టుకోవద్దు. తర్వాతి సైకిల్ నాటికి తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ 1500, ప్లేట్‌లెట్లు లక్ష దాటాలి, లేకపోతే వారం ఆపుతారు.

ఇక అందరూ జారిపడే చోటు. రెండు సైకిళ్లయ్యేసరికి దగ్గు పోతుంది, ఆకలి వేస్తుంది, మనిషి పొలం గట్టుకి నడిచి వస్తాడు. ‘నాయనకి బాగైపోయింది, ఇంకా ఆ విషం ఎందుకు’ అని ఆపేస్తారు. స్కాన్‌లో కనపడని కణాలు లక్షల్లో మిగిలి ఉంటాయి. ఆపిన కొద్దివారాల్లో మళ్లీ వస్తే, ఆ వచ్చింది మొదటి మందుకి లొంగదు. నాలుగు సైకిళ్లూ పూర్తి కావాలి. పూర్తి చేసినా ఎక్కువమందికి జబ్బు తిరిగి వస్తుందన్నది ఇంటి పెద్దకి ఒకరికైనా మొదట్లోనే తెలిసి ఉండాలి. ఆరునెలలు దాటాక తిరగబడితే పాత మందులే మళ్లీ పనిచేస్తాయి. మూడు నెలల్లోపే అయితే టోపోటెకాన్, ఇరినోటెకాన్ లాంటివి, కరిగే శాతం తక్కువ. అమెరికాలో 2024లో అనుమతి పొందిన టార్లటమాబ్, జబ్బుతో పోరాడే రోగి సొంత టీ కణాలని గడ్డ కణాల దగ్గరకి లాక్కొచ్చి కట్టేసే మందు.

నడుము నొప్పి కొత్తగా మొదలై కాళ్లు బరువెక్కినా, మూత్రం రాకుండా ఆగిపోయినా అదే రోజు వెన్నెముక ఎంఆర్ఐ తీయించాలి. నడక పోకముందు రేడియేషన్ పెడితే నడక నిలబడుతుంది, పోయాక పెడితే తిరిగిరావడం కష్టం. ఆయాసానికీ నొప్పికీ మార్ఫిన్ మాత్రలు చివరి రోజులకని దాచిపెట్టే మందు కాదు. చిన్న డోసుతో మొదలుపెట్టి, విరేచనం సాఫీగా అయ్యే మందు దానికి తోడు చేస్తే, మనిషి కంటినిండా నిద్రపోతాడు, కూర్చుని నాలుగు ముద్దలు తింటాడు.

‘ఎటూ వచ్చేసింది కదా, ఇప్పుడు మానితే ఏంటి’ అని బీడీ కొనసాగించేవాళ్లు ఉన్నారు. కొనసాగిస్తే రేడియేషన్ పనితనం తగ్గుతుంది, గొంతు పుండ్లు మానవు, రెండో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఇంట్లో అన్నో తమ్ముడో కొడుకో తాగుతుంటే వాళ్లూ ఈ నెలే మానాలి. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావాల్సివచ్చే మనిషికి నికోటిన్ గమ్ 4 మిల్లీగ్రాములది, లేనివాళ్లకి 2 మిల్లీగ్రాములది. చప్పరించే బిళ్లలా కాకుండా, నెమ్మదిగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, అరగంట సాగాలి. నమిలేముందు పావుగంట కాఫీ, టీ తాగకూడదు, తాగితే మందు ఒంటికి పట్టదు. జాతీయ టుబాకో క్విట్‌లైన్ నంబరు 1800-11-2356, డబ్బులు పడవు.